మూలనపడ్డ మహీంద్రా సీజే-3బీ జీపును మళ్లీ రోడ్డెక్కించడం: కాగితాల నుంచి తొలి వెయ్యి కిలోమీటర్ల దాకా

మామిడితోటలోనో, రైసుమిల్లు షెడ్డులోనో పదిహేనేళ్లుగా కదలని పెట్రోలు జీపు దొరికితే ఎవరికైనా మొదట పుట్టే ఆలోచన ఒకటే: బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టి చూద్దామని. ఆ పని మొదట చేయకండి. ఎండిపోయిన సిలిండర్లలో తుప్పు పట్టిన రింగులను సెల్ఫ్ బలంతో లాగితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి. రెండు రోజుల ఓపికతో విడిపోయే ఇంజన్ రీబోరుకు (సిలిండర్లను మళ్లీ తొలిపించడానికి) వెళుతుంది. అసలు ఈ జీపులో ఇంజన్ పలికించడం తేలికైన భాగం. బండి నమ్మకంగా ఆగడం, తిన్నగా పోవడం, చట్టప్రకారం రోడ్డు మీద ఉండడం, శ్రమంతా ఈ మూడింటికే. ఈ మార్గదర్శి వరస కూడా అందుకు తగ్గట్టే ఉంది.

ఇక్కడి కొలతలన్నీ పెట్రోలు సీజే-3బీవి. మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల అసెంబ్లీ మొదలుపెట్టింది. సీజే-3బీ అమెరికాలో 1953లో వచ్చింది. దాని బోనెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణం లోపలి హరికేన్ ఎఫ్-134 ఇంజన్: 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు, ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో. దానికి టీ-90 మూడు గేర్ల బాక్సు, స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె), ముందు డానా 25, వెనక డానా 44 యాక్సిళ్లు. ఎంఎం 540 లాంటి డీజిల్ జీపులకు బ్రేకులు, యాక్సిళ్ల భాగంలోని పద్ధతి చాలావరకు పనికొస్తుంది గానీ, కొలతలు వాటి మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

1. డబ్బు ఇచ్చే ముందు కాగితాలు

బోనెట్ లోపలి నేమ్‌ప్లేటు మీది చాసిస్ నంబరు, చాసిస్ మీద పంచ్ చేసిన నంబరు, ఆర్‌సీలోని నంబరు ఒకటే కావాలి. తుప్పును వైరు బ్రష్షుతో మెల్లగా తీసి, తెల్లకాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకోండి. తర్వాత తనిఖీలో అడిగేది కూడా అదే. నంబరు చోట గ్రైండింగ్ గుర్తులుంటే, అంకెలు ఒకదానికొకటి పొసగకపోతే బేరం అక్కడితో ఆపేయండి. ఆ లోపాన్ని ఏ మెకానిక్కూ సరిచేయలేడు. ఇంజన్ నంబరు వాటర్ పంపు వెనక, బ్లాకు ముందుభాగం మీద ఉంటుంది. మన వైపు ఎన్నో పెట్రోలు జీపులకు మధ్యలో డీజిల్ ఇంజన్ ఎక్కించారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. ఇంధనం దగ్గర పెట్రోలు అని ఉండి కింద డీజిల్ ఇంజన్ కనిపిస్తే రెన్యూవల్ దగ్గర బండి ఆగిపోతుంది.

సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫారం 25తో, బండిని తనిఖీకి చూపించి, అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన కారు, జీపు తరగతికి ఈ ఫీజు రూ.10,000. దీనికి గ్రీన్ ట్యాక్సు, ఆలస్యపు రుసుము కలుస్తాయి. చాలా ఏళ్లుగా రెన్యూవల్ లేని బండికి బకాయి మొత్తం ఎంతో ఆర్టీఓ కార్యాలయంలో ముందే లెక్క కట్టించుకుని, అది ధరలో తగ్గించమని అడగండి. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు, చేత్తో రాసిన ఆర్‌సీ పుస్తకం ఉన్న బండి వివరాలు కంప్యూటర్లో ఉండకపోవచ్చు. మొదట రిజిస్టరైన కార్యాలయంలోనే పాత రికార్డు తీయించి ఎక్కించాలి. దానికి నెలలు పట్టవచ్చు కనుక బండి పనితోపాటే అదీ మొదలుపెట్టండి.

యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న జీపుకు 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ వస్తుంది. ఫీజు రూ.20,000, గడువు పదేళ్లు. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సర్వీసుకు, పెట్రోలుకు తప్ప రోజూ తిప్పకూడదు. పొలానికి, ఊళ్లోకి వెళ్లాలనుకునేవారికి మామూలు రెన్యూవలే మేలు.

ఇంకా ప్రభుత్వ శాఖ పేరు మీదే ఉన్న 15 ఏళ్లు దాటిన జీపును తీసుకోకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అలాంటివాటికి రెన్యూవల్ లేదు. మిలటరీ వేలం బండి అయితే వేలం కాగితం నుంచి ఇప్పటి యజమాని దాకా గొలుసు ఎక్కడా తెగకూడదు. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల విడిభాగాలతో కట్టే కొత్త జీపులు చూడటానికి బాగుంటాయి గానీ, సరైన ఆర్‌సీ లేని బండికి రోడ్డు మీద చోటు లేదు.

రిజిస్ట్రేషన్, బీమా లేని బండిని నడుపుకుంటూ వర్కుషాపుకు తేవద్దు. లారీ మీద తెప్పించండి.

2. చాసిస్, బాడీ

నేల గట్టిగా ఉన్న చోట నాలుగు స్టాండ్ల మీద బండి నిలపండి. చిన్న సుత్తితో చాసిస్ అంతటా తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. ముఖ్యంగా వెనక అడ్డపట్టీ, కమాను కట్టల హ్యాంగర్ల చుట్టూ, స్టీరింగ్ బాక్సు బిగించే చోట చూడాలి. స్టీరింగ్ బాక్సు దగ్గర జుట్టంత పగులు ఉన్నా పెయింటు గీకి, చివర్లలో రంధ్రం వేసి, వెల్డు చేసి, లోపల పట్టీ వేయించాలి. పైపైన వెల్డు చేస్తే పగులు పక్కనుంచి మళ్లీ పోతుంది.

బాడీలో మొదట పోయేది ఫ్లోరు కింది అడ్డ చానెళ్లు. వాటిలో ఇరుక్కున్న మట్టి ఏళ్ల తరబడి తడి పట్టి ఉంచుతుంది. ఫ్లోరు పైనుంచి బాగుందని నమ్మకుండా కిందనుంచి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పెయింటు మాత్రం ఆఖరున. బ్రేకు ఆయిల్ ఒక చుక్క పడ్డా కొత్త పెయింటు పొంగుతుంది.

3. ఇంజన్‌ను విడిపించడం

ప్లగ్గులు నాలుగూ తీయండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల పల్చటి ఆయిల్), డీజిల్ సమపాళ్లలో కలిపి ఒక్కో సిలిండర్‌లో 30 మి.లీ. పోసి, గుడ్డతో రంధ్రాలు మూసి 48 గంటలు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో వేసి చక్రాన్ని ముందుకు వెనక్కు అంగుళం అంగుళం కదపడం, లేదా ముందున్న రంధ్రంలో హ్యాండిల్ పెట్టి చేతిబలంతో తిప్పడం. తిరగకపోతే మళ్లీ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. హ్యాండిల్‌కు పైపు తొడిగి బలం పెంచకండి.

తిరిగాక బ్లాకు పక్కనున్న ట్యాపెట్ కవరు విప్పి, ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకరు ఎగ్జాస్ట్ వాల్వులను చూడాలి. ఈ ఇంజన్‌లో ఎక్కువగా ఇరుక్కునేవి ఇవే. బ్లాకులో ఉండటం వల్ల తేమ వాటి గైడుల్లోకి దిగి పట్టేస్తుంది. ఒకటి పైకి లేచి దిగకపోతే గైడు దగ్గర పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి, ప్లగ్గు రంధ్రం దారిన మొండి ఇత్తడి కడ్డీతో వాల్వు అందితే మెల్లగా తట్టండి. అందకపోయినా, దిగకపోయినా హెడ్డు విప్పాల్సిందే.

పాత ఆయిల్ వేడి చేయకుండానే దించేయండి. అడుగున నీళ్లు వస్తే వాసన చూసి, కూలెంటా, వాననీరా తేల్చుకోండి. సంపు కూడా విప్పి అడుగున పేరుకున్న జిగురు మడ్డి తుడవడం మంచిది. ఆయిల్ పంపు జాలీని మూసేసేది ఆ మడ్డే. 20డబ్ల్యూ-50 మామూలు మినరల్ ఆయిల్ సుమారు 4 లీటర్లు, ఫిల్టరు ఉంటే ఇంకో లీటరు. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో పదేసి సెకన్ల చొప్పున తిప్పి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా చూడాలి. ఇప్పుడే కంప్రెషన్ కొలవండి. కొత్త ఇంజన్‌కు 120 నుంచి 130 పీఎస్ఐ. 90కి పైన ఉండి, సిలిండర్ల మధ్య తేడా 10 మించకపోతే ఇంజన్ విప్పకుండా ముందుకు పోవచ్చు. ఒక్కటే తక్కువుంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి: పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు.

వాల్వుల గ్యాపు చల్లటి ఇంజన్‌కు ఇన్‌లెట్ 0.46, ఎగ్జాస్ట్ 0.41 మి.మీ.

4. పెట్రోలు దారి

ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది, సుమారు 40 లీటర్లు. బయటికి తీసి, పాత పెట్రోలు వంచేసి, గుప్పెడు చిన్న నట్లు, సబ్బునీళ్లు పోసి బాగా కుదపండి. తర్వాత 10 లీటర్ల నీటికి కిలో సిట్రిక్ యాసిడ్ కలిపి ఒక రోజు నింపి ఉంచితే తుప్పు వదులుతుంది. కడిగి, వంటసోడా నీళ్లతో మరోసారి కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టండి. సగం తడిగా వదిలేస్తే సాయంత్రానికి కొత్త తుప్పు లేస్తుంది. చిల్లులుంటే గ్యాసుతో, మంటతో దగ్గరికి పోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది. చిల్లు దాకా నీళ్లు నింపి, పైన కొద్ది చోటే ఖాళీగా ఉంచి పని చేసేవారి దగ్గరికే ఇవ్వండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. సీజే-3బీ కాలపు రబ్బరు దానికోసం చేసింది కాదు. పాత పైపులు లోపల మెత్తబడి పొరలు ఊడతాయి, పంపు డయాఫ్రమ్ ఉబ్బుతుంది. అందుకని ఇథనాల్‌కు తట్టుకునే ఆర్9 రకం హోస్ పైపులు, కొత్త డయాఫ్రమ్ కిట్టు తప్పనిసరి. కార్బురేటర్లో ఇత్తడి ఫ్లోటుకు ఇబ్బంది లేదు. వేడినీళ్లలో ముంచి బుడగలు వస్తే కారుతోందని అర్థం. ఇథనాల్ ఏళ్లనాటి జిగురును కరిగించి ముందుకు తోస్తుంది కనుక పంపుకు ముందు చూడటానికి వీలుగా పారదర్శకమైన ఫిల్టరు పెట్టి, మొదటి 100 కిలోమీటర్లలో రెండుసార్లు మార్చడానికి సిద్ధంగా ఉండండి.

5. కరెంటు

పాత గుడ్డచుట్టు వైరింగును అతుకులతో బాగుచేసే ప్రయత్నం చేయవద్దు. చిట్లిన వైరు ఒక్కటి చాసిస్‌కు తగిలితే ట్యాంకు పక్కనే నిప్పు. పూర్తిగా కొత్తది వేయించండి: హెడ్‌లైట్లకు, ప్రధాన లైనుకు 2.5 చదరపు మి.మీ., మిగతావాటికి 1.5. అసలు డిజైనులో ఫ్యూజులు తక్కువ. బ్యాటరీ దగ్గర ఒక ప్రధాన ఫ్యూజు, లైట్లకు, హారనుకు, ఇండికేటర్లకు విడివిడి ఫ్యూజులు పెట్టించండి. ఇంజన్‌కూ చాసిస్‌కూ మధ్య మందపాటి ఎర్త్ పట్టీ కొత్తది వేయాలి. అది లేక ‘సెల్ఫ్ బలహీనం’ అని మోటారు విప్పించుకున్న బండ్లు ఎన్నో.

బండి 6 వోల్టులదా 12దా చూసుకున్నాకే బ్యాటరీ కొనండి. లూకాస్ రకం డైనమో విప్పి బిగించాక దాన్ని పోలరైజ్ చేయాలి: ఎఫ్ టెర్మినల్ వైరు విప్పి, ఆ టెర్మినల్‌కు బ్యాటరీ లైవ్ వైరును రెండు మూడుసార్లు క్షణంపాటు తాకించాలి. ఇది మరిచిపోతే డైనమో తిరుగుతూనే చార్జింగ్ ఇవ్వదు, కటౌట్ (చార్జింగును నియంత్రించే రిలే) కూడా కాలిపోవచ్చు.

పాయింటు గ్యాపు 0.5 మి.మీ., ప్లగ్గు గ్యాపు 0.75, ఫైరింగ్ వరస 1-3-4-2, టైమింగ్ టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానానికి) 5 డిగ్రీలు ముందు. పాయింట్లు నిలవలోనే ఆక్సైడ్ పడతాయి. కొత్తవైనా శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగాకే నమ్మండి.

6. నీళ్లు

బ్లాకు డ్రెయిన్ విప్పితే నీళ్లు రాకపోతే లోపల మడ్డి గడ్డకట్టిందన్నమాట. సన్నటి తీగతో పొడిచి, నీటి పైపు పెట్టి రెండు వైపులా ఎదురెదురుగా కడగండి. రేడియేటర్ ఇత్తడి, రాగిది. పాత రేడియేటర్ షాపులో ట్యాంకులు విప్పించి రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం) చేయిస్తే కొత్తదానికన్నా మేలు. మూత 7 పీఎస్ఐదే పెట్టాలి. ఇప్పటి కార్ల 13 పీఎస్ఐ మూత చక్కగా బిగుసుకుంటుంది, కానీ పాత అతుకులు దానికి ఆగవు. ఎండలెక్కువని థర్మోస్టాట్ తీసేయడం మన దగ్గర అలవాటు. అది వద్దు. ఇంజన్ పని వేడికి రాకుండా తిరిగి, ఆయిల్లో తేమ నిలిచి మడ్డి కడుతుంది. వేడెక్కుతుంటే మూలకారణం మడ్డిలోనో, ఫ్యాన్ బెల్టులోనో, ఆలస్యమైన టైమింగ్‌లోనో ఉంటుంది.

7. తొలి స్టార్టు

సీసాతో తాజా పెట్రోలు విడిగా అందిస్తూ, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని స్టార్టు చేయండి. వేడి ఇంజన్‌లో ఐడిల్ మీద 6, వేగం పెంచితే 20 పీఎస్ఐ ఆయిల్ ప్రెషర్‌కు తగ్గకూడదు. మొదటి అరనిమిషంలో ముల్లు లేవకపోతే వెంటనే ఆపండి. ఇరవై నిమిషాలు తిప్పి, ఆయిల్ దించి కొత్తది పోయండి. ఆయిల్ ఖర్చని ఈ ఒక్కసారి వెనకాడకండి.

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుని ఉంటే పెడల్‌ను కర్రతో నొక్కి ఉంచి ఒక రాత్రి వదిలి, తర్వాత వేడెక్కిన ఇంజన్‌ను గేరులో కుదుపుతో విడిపించవచ్చు. వెనక చక్రాలు స్టాండ్ల మీద ఉండగానే ఆ పని. పెడల్ ఫ్రీప్లే (పని మొదలయ్యే ముందుండే ఖాళీ కదలిక) సుమారు 25 మి.మీ.

8. బ్రేకులు: ఇక్కడ పొదుపు వద్దు

సీజే-3బీలో నాలుగు చక్రాలకూ ఒకటే సర్క్యూటు. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగూ పోతాయి. అందుకే ‘ఇది బాగానే ఉంది’ అని ఏ భాగాన్నీ వదలకండి. మూడు రబ్బరు హోసులు, స్టీలు పైపులన్నీ, నాలుగు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కొత్తవి. సిలిండర్ లోపల గుంటలు పడితే కొత్త రబ్బరు కప్పులు వేసినా వారానికే కారుతుంది. రాగి పైపు వాడనివ్వకండి. అది కంపనాలకు గట్టిపడి చిట్లుతుంది.

డ్రమ్ములు 9 అంగుళాలు, అంటే 228.6 మి.మీ. లేత్ మీద సాపు చేశాక వ్యాసం 1.5 మి.మీ. మించి పెరిగితే వాడొద్దు. పొడవాటి లైనింగు ఉన్న షూ ముందువైపు రావాలి. తారుమారైతే పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు.

ఎక్కువమంది తప్పు చేసేది మాస్టర్ సిలిండర్ దగ్గర. అది ఫ్లోరు కింద ఉంటుంది. పెడల్ రాడ్డుకూ పిస్టన్‌కూ మధ్య కొంచెం ఖాళీ ఉండి, పెడల్ దగ్గర 12 మి.మీ. ఫ్రీప్లే కనిపించాలి. ఖాళీ లేకుండా బిగిస్తే ఆయిల్ వెనక్కి పోయే చిన్న రంధ్రం మూసుకుంటుంది. బండి నడిచి ఆయిల్ వేడెక్కి వ్యాకోచించాక దానికి దారి ఉండదు. బ్రేకులు తమంతట తామే పట్టేసి, పది కిలోమీటర్ల దగ్గర డ్రమ్ములు పొగలు కక్కుతాయి. అప్పుడు బ్లీడర్ (చక్రం దగ్గర గాలి తీసే మర) విప్పగానే బండి కదులుతుంది. గుర్తు అదే.

డాట్ 3 లేదా 4 ఆయిల్ పోసి, దూరం నుంచి దగ్గరికి బ్లీడింగ్ చేయండి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

హ్యాండ్‌బ్రేకు చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మీదున్న డ్రమ్ముకు పడుతుంది. దీన్నుంచి రెండు విషయాలు. వెనక ఆయిల్ సీలు కారితే డ్రమ్ము తడిసి హ్యాండ్‌బ్రేకు పనిచేయదు, కనుక ముందు సీలు మార్చాలి. ఇంకోటి ప్రాణాలకు సంబంధించింది: వెనక చక్రం ఒక్కటి జాకీతో లేపితే, డిఫరెన్షియల్ గుండా ఆ చక్రం తిరుగుతూ హ్యాండ్‌బ్రేకు పట్టు పోతుంది, వాలులో బండి జాకీ మీది నుంచి జారుతుంది. ముందు చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టకుండా జాకీ ఎత్తవద్దు.

9. గేరుబాక్సు, యాక్సిళ్లు, స్టీరింగ్

అన్నింట్లో ఆయిల్ దించి రంగు చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, బేరింగులు చూడాలి. గేరుబాక్సుకు 1.2 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకు 1.5, రెండు యాక్సిళ్లకూ చెరో 1.2. గేరుబాక్సులో జీఎల్-4 రకం 90 ఆయిలే పోయండి. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తింటాయి. యాక్సిళ్లలో జీఎల్-5 వేయవచ్చు. గేరుబాక్సులో తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతుంటే మధ్య సీలు పోయినట్టు.

వెనక హబ్బు కోసుగా ఉన్న షాఫ్టు మీద కీతో కూర్చుంటుంది. పుల్లరుతోనే తీయాలి. సుత్తితో కొడితే లోపలి బేరింగు దెబ్బతింటుంది. బిగించేటప్పుడు 150 పౌండు అడుగులకు తగ్గకుండా బిగించి పిన్ను వేయాలి. వదులైతే కీ తెగి చక్రం తిరగదు. ఎడమ చక్రాల నట్లు కొన్ని బండ్లలో ఎడమ మరలవి. స్టడ్డు మీద ‘ఎల్’ గుర్తు చూడకుండా పైపు వేసి బలం పెట్టకండి.

స్టీరింగ్ ఊగిసలాటకు ముందుగా బాక్సును తిట్టడం మామూలు. చాలాసార్లు తప్పు ముందు అడ్డపట్టీ మీదున్న బెల్ క్రాంక్ (స్టీరింగ్ కదలికను టై రాడ్లకు అందించే మీట) బుష్షులది. తర్వాత టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బేరింగులు. చక్రం పైనా కిందా పట్టి ఊపితే ఆట ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. కింగ్‌పిన్ ఆటను షిమ్ములు తగ్గించి సరిచేస్తారు. టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే కొలత) 1.2 నుంచి 2.4 మి.మీ. కమాను కట్టల్లో విరిగిన పట్టీలు, వదులైన యూ బోల్టులు కూడా 40 దాటగానే చక్రాలు ఆడటానికి కారణం. బుష్షులు, స్పిండిళ్లు చేయించుకోవడానికి విజయవాడ ఆటోనగర్ లేత్ షాపులు మంచి చోటు. పాత భాగం వెంట తీసుకెళ్లండి, మాటలతో కొలత చెప్పకండి.

టైర్లు 6.00-16, ముందు 26, వెనక 28 పీఎస్ఐ. తయారీ వారం, ఏడు తెలిపే నాలుగంకెలు చూసి, గీతలు బాగున్నా పదేళ్లు దాటినవి పారేయండి. నాలుగూ ఒకే చుట్టుకొలతవి కావాలి. వేరైతే ఫోర్-వీల్ వేసినప్పుడు ముందు వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెడతాయి. తారురోడ్డు మీద ఫోర్-వీల్ వేయకూడదన్నదీ ఇందుకే.

10. రోడ్డు మీద

బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, రెన్యూవల్ చేతికొచ్చాకే గేటు దాటించండి. మొదటి ఐదు కిలోమీటర్లు గంటకు 30 లోపు, నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేసి చూడండి. ఆపి నాలుగు డ్రమ్ములూ, హబ్బులూ చేత్తో తాకండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేస్తోంది, లేదా బేరింగు బిగువైంది. 20 కిలోమీటర్ల దగ్గర చక్రాల నట్లు, యూ బోల్టులు మళ్లీ బిగించండి. 100 దగ్గర అన్ని ఆయిల్ మట్టాలు, పెట్రోలు ఫిల్టరు.

500 దగ్గర ఇంజన్ ఆయిల్ మార్చండి. హెడ్డు విప్పి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు బోల్టులను 60 నుంచి 70 పౌండు అడుగులకు మళ్లీ బిగించాలి. కార్బురేటర్ కింద, ఇన్‌లెట్ దారిలో దాగిన బోల్టు ఒకటుంది. కార్బురేటర్ తీయనిదే అది కనిపించదు, అందుకే దాన్ని మరిచిపోయి గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోగొట్టుకుంటారు. దాన్ని బిగించాక వాల్వు గ్యాపులు తిరిగి చూడండి. 1,000 దగ్గర యాక్సిళ్ల ఆయిల్ ఇంకోసారి దించండి, ఏళ్లనాటి తుప్పుపొడి అప్పటికి అడుగుకు చేరుతుంది. స్టీరింగ్, షాకిళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల నిప్పిళ్లన్నింటికీ ప్రతి 1,500 కిలోమీటర్లకు గ్రీజు పెట్టండి. పాత గ్రీజు పక్కల నుంచి బయటికి వచ్చేదాకా కొడుతూనే ఉండాలి. నెలకు మించి బండి నిలపాల్సి వస్తే కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి, ట్యాంకు అంచు దాకా నింపి ఉంచండి. ఖాళీ ట్యాంకులోని గాలి తేమను ఇథనాల్ పీల్చుకుంటే, ఆ నీళ్లే మళ్లీ అడుగున చేరతాయి.